నీళ్ళు పోసిన చేతులు

తొడ విరిగిన బిడ్డను ఎత్తుకొస్తే నేను ముందు ఎక్స్‌రే అడగను, వయసు అడుగుతాను. ఎన్నేళ్ళు, ఎన్ని నెలలు అని. తెచ్చినవాళ్ళకు ఇది చిరాకు. బిడ్డ గిలగిల కొట్టుకుంటుంటే ఈయన పుట్టినరోజు లెక్క అడుగుతాడేంది అని నా ముందే గొణుక్కున్నవాళ్ళున్నారు. కానీ తొడ ఎముక వైద్యమంతా వయసు మీదే నడుస్తుంది. ఆరు నెలల లోపు పసిబిడ్డకు మెత్తటి పట్టీలతో కాళ్ళు మడిచి ఉంచితే చాలు, మూడు నాలుగు వారాల్లో అతుక్కుంటుంది. రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లలకు ఛాతీ నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వెయ్యాలి. బడికి పోయే వయసొస్తే ఎముక లోపలికి రెండు సన్నటి కడ్డీలు ఎక్కిస్తాం. మీసాలు మొలిచే వయసు వాడికి పెద్దవాళ్ళకు వేసినట్టే గట్టి రాడ్డు వేస్తాం.

పసి ఎముకకు ఇంకో మంచి గుణం ఉంది. కాస్త వంకరగా అతుక్కున్నా, అర అంగుళం పొట్టయినా, పిల్లతో పాటు పెరుగుతూ తనే సర్దుకుంటుంది. రెండు మూడేళ్ళ తర్వాత ఎక్స్‌రే తీస్తే ఎక్కడ విరిగిందో వెతుక్కోవాల్సిందే. ఏడ్చే తల్లులకు ఈ మాటే చెప్పి ధైర్యం నూరిపోస్తాను. నాకు నేను చెప్పుకునే ధైర్యం మాత్రం ఏదీ లేదు.

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పటి నుంచీ అంతే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ ఎప్పుడూ అంటుండేది. నేను ఎముకల డాక్టరునయ్యాక ఆ సామెత చెప్పి మరీ నవ్వేది. జారిన కాళ్ళకు కట్లు కట్టడమేగా నీ పని, జారిన నోటికి కట్టు ఎవరు కడతార్రా అనేది. అప్పుడు నేనూ నవ్వేవాణ్ణి.

నరసరావుపేటలో నా ఆసుపత్రి ఒక పాత మేడ. బుధవారం పిల్లల ఓపీ. నా బల్లకూ జనం కూర్చునే బెంచీలకూ మధ్య ఒక కర్టెన్ ఉంది గానీ, ఎండాకాలంలో ఫ్యాను గాలి రాదని దాన్ని పైకి ముడేసి ఉంచేవాళ్ళు. నేను ఏమన్నా హాలంతా వినిపించేది. మాచర్ల వైపు నుంచి, అచ్చంపేట నుంచి, నూజెండ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన జనం అందరూ వింటూ ఉండేవాళ్ళు. నా కోపానికి భయపడే మందులు సరిగ్గా వాడతారని నాకో నమ్మకం కూడా ఉండేది.

ఇది జరిగి పన్నెండేళ్ళు దాటింది. ఆ బుధవారం మొదట తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చారు. ట్రాక్టరు తొట్టి మీది నుంచి పడి తొడ విరిగితే ఊళ్ళోనే నాటు కట్టు కట్టించారు. వెదురు బద్దలు పెట్టి, గుడ్డ బిగించి, గుడ్డుసొన పూసి నాలుగు రోజులు ఉంచారు. నేను కట్టు కోసేసరికి పాదం చల్లగా ఉంది, వేళ్ళు నల్లబడుతున్నాయి. రెండు కడ్డీలతో నెలన్నరలో నడవాల్సిన పిల్లవాడు. వాణ్ణి అప్పటికప్పుడు గుంటూరు పంపించాను. వాళ్ళ నాన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తల వంచుకుని తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళు మెట్లు దిగిపోయాక కూడా నా కోపం దిగలేదు.

ఆ వెనకే వచ్చింది ఐదు నెలల పాప. పసుపు, ఎండుమిర్చి, బెల్లం అమ్ముకునే ఒక కోమట్ల ఇంటి మనవరాలు. పాప నాయనమ్మ ముందు, పాపను ఎత్తుకున్న తల్లి మధ్యలో, ఇంకా తడి ఆరని కుచ్చెళ్ళతో ఒక పెద్దావిడ వెనక. ఆ పెద్దావిడ నాకు బాగా తెలుసు. పసిపిల్లలకు నీళ్ళు పోయడం ఆమె పని. బాలింత ఉన్న ఇంటికి పొద్దున్నే వెళ్ళి, పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, నలుగు పెట్టి, చేతులూ కాళ్ళూ ఒకదాని మీదికి ఒకటి అడ్డంగా తెచ్చి సాగదీసి, వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, కళ్ళకు కాటుక పెట్టి, బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టి, నిద్రపోయే బిడ్డను తల్లి చేతికిచ్చి వచ్చేది. మా పేటలో అందరికీ ఆమె పెద్దమ్మే. మా అమ్మాయికి కూడా ఐదో నెల దాకా ఆమే నీళ్ళు పోసింది. మా అమ్మాయి ఆ పీట దగ్గర ఒక్కరోజు కూడా ఏడవలేదని మా ఆవిడ అందరికీ గొప్పగా చెప్పుకునేది.

ఎట్లా విరిగిందని అడిగాను. నాయనమ్మ కోడలి వైపు చూసింది, కోడలు నేల వైపు చూసింది. పెద్దమ్మే ముందుకొచ్చింది.

"నా చేతుల్లోనే నాయనా. కాలు అడ్డంగా తెచ్చేటప్పుడు టక్కుమంది. నాకు తెలిసింది."

నా వృత్తిలో ఈ ప్రశ్నకు నిజం చెప్పేవాళ్ళు తక్కువ. మంచం మీది నుంచి పడిందంటారు, అన్న ఎత్తుకుని పడేశాడంటారు. నడక రాని బిడ్డకు తొడ విరిగితే ఎవరో ఏదో దాస్తున్నారని అనుమానించి వెతకాలని మాకు నేర్పిస్తారు. ఆమె అబద్ధం చెప్పి ఉంటే నేను వెతికేవాణ్ణి. ఒళ్ళంతా చూసేవాణ్ణి, ఇంట్లో ఇంకెవరికైనా ఎముకలు విరిగాయా అని అడిగేవాణ్ణి. ఆమె నిజం చెప్పేసింది కాబట్టి నాకు ఇంకేమీ చూడాలనిపించలేదు. కళ్ళ ముందు ఆ పిల్లవాడి నల్లబడ్డ వేళ్ళే ఉన్నాయి. నాటు కట్టు, నాటు స్నానం, అన్నీ ఒకటే అనిపించింది.

"బిడ్డకు నీళ్ళు పోశావా, బట్టలు పిండావా? ఈ చేతులతో ఇంకో బిడ్డను ముట్టుకోమాక."

పెద్దమ్మ తన రెండు చేతుల వంకా ఒకసారి చూసుకుంది. తర్వాత వాటిని కొంగులో చుట్టుకుంది. పాప నాయనమ్మ మాత్రం, విన్నారుగా అందరూ అన్నట్టు బెంచీల వైపు తిరిగి చూసింది.

పాపకు పట్టీలు కట్టాను. ఏడ్చి ఏడ్చి కాటుక కళ్ళ చుట్టూ పులుముకుని, మొహమంతా నల్లగా అయింది. ఆ కాటుక తుడవమని నర్సుకు చెప్పలేదు. నేనూ తుడవలేదు. నేను చూడాల్సింది కాలే అనుకున్నాను. మూడు వారాల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఎముక చక్కగా అతుక్కుంది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు సంగతి చెప్పాను. మా ఆవిడ వడ్డిస్తున్నదల్లా ఆగి, ఆ చేతులు నీకు తెలియవా అని అడిగింది. తెలిసినంత మాత్రాన విరిగిన ఎముక అబద్ధమవుతుందా అన్నాను. ఆమె గిన్నెలు తీసింది.

పేటలో మాట పాకడానికి ఎంతసేపు. పెద్దమ్మను పిలిచేవాళ్ళు వారంలోనే మానేశారు. సగం నెల నీళ్ళు పోసిన ఇళ్ళవాళ్ళు కూడా వద్దన్నారని తర్వాత విన్నాను. ఆమె మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో కూలికి కుదిరింది. నా ఆసుపత్రి ముందు నుంచే షెడ్డుకు దారి. సాయంత్రం ఆడకూలీలు గుంపుగా వెళ్తుంటే మిరప ఘాటు మేడ మీదికి వచ్చేది. ఆ గుంపులో ఒకరు చేతులు కొంగులో చుట్టుకుని, తలెత్తకుండా నడిచేవారు. నేను కిటికీ వేయించేవాణ్ణి.

పాపకు మూడున్నరేళ్ళప్పుడు మళ్ళీ తెచ్చారు. ఈసారి రెండో తొడ. ఎత్తు మీది నుంచి పడలేదు, బండి గుద్దలేదు. వరండాలో పరుగెత్తుతూ పరిచిన పట్టా మీద కాలు జారి కూర్చుండిపోయింది, అంతే. మూడున్నరేళ్ళ పిల్ల తొడ విరగడానికి అది చాలదు. పొద్దుటి ఎండ కిటికీలోంచి సరిగ్గా బల్ల మీద పడుతోంది. దారంతా ఏడ్చిందని తల్లి బస్టాండులో మొహం కడిగి తెచ్చింది. కాటుక లేదు. సూది చూసి పిల్ల కళ్ళు పెద్దవి చేసింది.

కంటి తెల్లగుడ్డు తెల్లగా లేదు. నీలిమందు ఎక్కువైన నీళ్ళలో జాడించిన పంచెలాగా లేతనీలంగా ఉంది. నోరు తెరిపించి చూస్తే పాలపళ్ళు గోధుమరంగులో, అంచులు అరిగి ఉన్నాయి. నా చేతిలో సూది నర్సుకిచ్చేసి, తల్లి వైపు తిరిగాను. ఆమె కళ్ళూ అంతే. మూడేళ్ళ కిందట నా ముందు నేల చూపులు చూస్తూ నిలబడింది కాబట్టి అవి నాకు కనపడలేదు.

మీకు చిన్నప్పుడు ఎప్పుడన్నా ఎముకలు విరిగాయా అని అడిగాను. మూడుసార్లు అంది. రెండుసార్లు చెయ్యి, ఒకసారి కాలు. నూజెండ్ల దగ్గర వాళ్ళ పుట్టింట్లో నాటు కట్టు కట్టించారట. వాళ్ళ నాన్నకు కూడా ఇట్లాగే అయ్యేదట. మరి అప్పుడెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు లేస్తోందని నాకే తెలుస్తోంది.

"మీరు అడగలేదు సారూ" అంది. మళ్ళీ అంది, "అడిగినా మా అత్తగారి ముందు చెప్పేదాన్ని కాదేమో."

పుట్టుకతోనే ఎముక గుల్లబారి ఉండే జబ్బు అది. తరతరాలుగా దిగుతుంది. బట్ట మార్చినా విరగొచ్చు, పక్కకు తిప్పినా విరగొచ్చు. ఆ పాపకు ఆ రోజు నీళ్ళు పోసింది ఎవరైనా, ఎంత మెత్తగా పోసినా, ఆ వారం కాకపోతే పై వారం విరిగేదే. పాత ఫైలు తెప్పించి ఐదు నెలలప్పటి ఎక్స్‌రే వెలుగుకు పట్టాను. ఎముక గోడ ఉల్లిపొరంత పలచగా ఉంది. ఆ రోజూ అట్లాగే ఉంది. పసిపిల్లల కళ్ళలో కొద్దిగా నీలిఛాయ మామూలే, కాటుక తుడిచినా నేను పట్టుకునేవాణ్ణి కాదేమో అని ఇప్పటికీ ఒక్కోసారి సమాధానపడబోతాను. కానీ తుడవలేదు కదా. చూసి పోల్చుకోలేకపోవడం వేరు, అసలు చూడకపోవడం వేరు.

పిల్లకు ఛాతీ నుంచి పాదం దాకా కట్టు వేశాను. రెండు కాళ్ళ మధ్య మలమూత్రాలకు ఖాళీ వదిలి, కాళ్ళు కదలకుండా మధ్యలో కర్ర పెట్టి, అంచులకు దూది సర్దుతుంటే చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. నా చెవుల్లో మాత్రం టక్ మన్న చప్పుడు. నేను ఎన్నడూ వినని చప్పుడు. విన్నది పెద్దమ్మ. మూడేళ్ళుగా ఆమె వింటూ ఉండి ఉంటుంది.

వెంటనే వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. పెద్ద ఆసుపత్రి నుంచి రిపోర్టు రానీ అనుకున్నాను. రిపోర్టు వచ్చాక ఈ వారం ఆపరేషన్లు ఎక్కువ అనుకున్నాను. సిగ్గుపడ్డాను, అంతకన్నా ఎక్కువ భయపడ్డాను. డాక్టరు తప్పు చేశాడట అని పేట అనుకుంటే ఏమవుతుందని భయం. ఒకరి బతుకు మీద మాట విసరడానికి నాకు అరనిమిషం పట్టింది, దాన్ని ఏరుకోవడానికి వెళ్ళడానికి రెండున్నర నెలలు పట్టింది. స్నానాలగదిలో చెంబు చప్పుడైనా ఆ రోజుల్లో ఉలిక్కిపడేవాణ్ణి.

ఒక ఆదివారం సాయంత్రం వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. వేళ్ళ సందులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నేనే ఆమె ముందు మెట్టు మీద కూర్చున్నాను. జబ్బు సంగతి తెలుగులో ఎట్లా చెప్పాలో అప్పటిదాకా మనసులో అనుకుంటూ వచ్చిందంతా మరిచిపోయి, నీ తప్పు ఏమీ లేదు పెద్దమ్మా, అది బిడ్డ ఎముకలోనే ఉంది, నేనే చూసుకోలేదు అన్నాను.

ఆమె నూనె రాసుకోవడం ఆపింది. అంటే నేను గట్టిగా లాగలేదా అని అడిగింది. లేదన్నాను. ఆ బిడ్డ ఇప్పుడు ఎట్టా ఉందని అడిగింది. కట్టు విప్పాను, నడుస్తోంది, మళ్ళీ విరగకుండా మందు ఎక్కిస్తున్నారు అన్నాను. తల ఊపింది. తన సొంత మనవడు పుడితే వాడికి కూడా నీళ్ళు పోయలేదని, ఎత్తుకోమంటే భయమేసి పక్క మీద పడుకోబెట్టే చూసుకున్నానని చెప్పింది. ఆ మాట నన్ను నిందిస్తున్నట్టు చెప్పలేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయని చెప్పినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందే ఏడ్చాను.

నేను కళ్ళు తుడుచుకునే దాకా ఆగి అంది.

"నలుగురిలో అన్నావు నాయనా. ఇప్పుడు ఒక్కడివే వచ్చి చెప్తన్నావు."

అందులో కోపం ఉన్నా బాగుండేది. బుధవారం ఓపీకి రమ్మని అడిగాను. అందరి ముందూ చెప్తానన్నాను. రానంటుందనుకున్నాను. వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, మొదటి బెంచీ చివర కూర్చుంది. చేతులు కొంగులోనే ఉన్నాయి. ఆమె పక్కన తన మూడు నెలల బిడ్డతో ఒక చిన్నమ్మాయి కూర్చుని ఉంది. బిడ్డకు పాదం వంకర, వారం వారం కట్టు మార్చడానికి తెస్తోంది.

నేను లేచి నిలబడ్డాను. మూడేళ్ళ కిందట ఇదే హాల్లో ఈ పెద్దమ్మను అనరాని మాట అన్నానని, ఆ బిడ్డ ఎముక పుట్టుకతోనే బలహీనమని, ఆమె చేతుల్లో ఏ దోషమూ లేదని, తప్పు నాదని చెప్పాను. మా అమ్మాయికి నీళ్ళు పోసింది కూడా ఈ చేతులేనని చెప్పాను. కర్టెను ముడేసే ఉంది, నా గొంతు చివరి బెంచీ దాకా వినిపించింది.

జనం నా మొహంలోకి చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది నాకు. వీళ్ళు వాళ్ళు కాదు. ఆ రోజు విన్నవాళ్ళు ఏ మాచర్లలోనో అచ్చంపేటలోనో తమ పనుల్లో ఉన్నారు. పిల్లల కట్లు విప్పించుకుని, ఆ సంగతి పది మందికి చెప్పి, మరిచిపోయి ఉంటారు. వాళ్ళనందరినీ మళ్ళీ ఒక బస్సులో ఎక్కించి ఇక్కడికి తీసుకురాలేను. వెనక బెంచీలో ఒకాయన, సారు ఎవరి సంగతి చెప్తన్నాడు అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఆ పక్కాయన, ఎవరో బిడ్డ కాలు ఇరిచిందంట అన్నాడు.

పెద్దమ్మ పక్కన కూర్చున్న అమ్మాయి అంతా శ్రద్ధగా విన్నది. అయ్యో పాపం అన్నట్టు తల కూడా ఊపింది. ఊపుతూనే బిడ్డను ఎడమ భుజం మీది నుంచి కుడి భుజం మీదికి, ఆమెకు దూరంగా మార్చుకుంది. కావాలని చేసిందని నేననను, చేతులు వాటంతటవే చేశాయి. పెద్దమ్మ చూసింది. నేనూ చూశాను.

"చెప్పావుగా నాయనా, చాలు" అని లేచి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. షెడ్డుకు వేళయినట్టుంది.

ఆ పాపకు ఇప్పుడు పదమూడేళ్ళు. ఏడో ఏట ఎముకతో పాటు సాగే కడ్డీలు రెండు తొడల్లోనూ వేయించాం. నడుస్తుంది, చదువుకుంటుంది, నా దగ్గరకొస్తే నా కోపాన్ని అనుకరించి నర్సులను నవ్విస్తుంది. మొదట విరిగిన తొడ ఎక్స్‌రేలో ఆ పాత గీత జాడ కూడా లేదు. పెద్దమ్మ ఇప్పుడు షెడ్డుకు పోవడం లేదు, కళ్ళు సరిగ్గా కనపడవు. షెడ్డుకు పోతున్నప్పుడే ఒకసారి మళ్ళీ వెళ్ళి, నీళ్ళు పోయడం మొదలుపెట్టు పెద్దమ్మా, నేను పంపిస్తానని అంటే, కారం చేతులు నాయనా, పసిబిడ్డనెట్టా ముట్టుకునేది అంది. పసిబిడ్డ ఎవరొచ్చినా ఇప్పుడు నేను ముందు తడిదూదితో కాటుక తుడిచి కళ్ళు చూస్తాను. దిష్టి తగులుతుందని తల్లులు విసుక్కుంటారు.

ఆ బుధవారం పెద్దమ్మ దిగిపోయాక ఆ చిన్నమ్మాయి బిడ్డనే నేను మొదట చూశాను. కాటుక తుడిచాను. తెల్లగుడ్లు పాలలాగా తెల్లగా ఉన్నాయి. కాళ్ళు రెండూ గట్టిగా ఉన్నాయి. పాదం కట్టు మార్చి, ఇది విప్పేసిన రోజు నుంచి చక్కగా నూనె రాసి నీళ్ళు పోయించమ్మా, ఏం కాదు అని చెప్పాను. ఆ అమ్మాయి సంతోషించింది. అత్తగారు లేరట, వాళ్ళమ్మ దూరంగా ఉంటుందట, తనకేమో భయమట. పేటలో నీళ్ళు పోసేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పమంది. నేను బెంచీ చివర ఖాళీ వైపు చూశాను. ఆ అమ్మాయి కూడా అటే చూసింది.

"ఆమె కాకుండా సారూ" అంది, నెమ్మదిగా, నన్ను నొప్పించకూడదన్నట్టు. "ఇంకెవరన్నా ఉంటే చెప్పండి."

నాకు ఇంకెవరూ తెలియదన్నాను. తర్వాతి చీటీ పిలవమని నర్సుకు చెప్పాను.